దిగే బంతి

అక్టోబరు 26

శాంభవికి కొత్త బంతి పట్టుబడటం లేదు. పొద్దున గ్రౌండ్ నుంచి వచ్చి సంచీ మూలన పడేసి, "నాకు రాదు పెద్దమ్మా. ఈ జన్మకి రాదు" అని వంటింటి గుమ్మంలో చతికిలబడింది. దోసెలు వేస్తూనే ఏం రాదో అడిగాను. గట్టు మీది నిమ్మకాయ తీసుకుని చూపించింది. మామూలు బంతి నేరుగా పోతుంది. ఇది బ్యాటు పట్టుకున్న పిల్లకి ఛాతీ ఎత్తులో వస్తున్నట్టే కనబడి, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా కిందికి దిగిపోవాలి. బ్యాటు గాలిలో ఊగి ఊరుకోవాలి. కర్వ్ అంటారట.

"దిగకపోతే?"

"దిగకపోతే అది కర్వ్ కాదు, కొట్టుకోమని చేతిలో పెట్టిన లడ్డూ. మా సార్ అంటారు."

ఆయన పేపరు దించకుండానే, "బెజవాడలో క్రికెట్ ఆడే ఆడపిల్లల్నే ఎవరూ పట్టించుకోరు. దీనికి బేస్‌బాల్ కావలసి వచ్చింది" అన్నారు.

"అందుకే పెదనాన్నా. క్రికెట్ సెలక్షన్‌కి వెళ్తే లైన్లో నిలబడేసరికి ముసలిదాన్నయిపోతా. ఇక్కడ బంతి వేసేవాళ్ళం ముగ్గురమే."

"ఆ ముగ్గురిలో ఒకరికి రావట్లేదన్నమాట."

నవ్వింది కానీ రెండో దోసె తినలేదు.

సాయంత్రం ఉయ్యూరు నుంచి విఠల్ గారు ఫోన్ చేశారు. "వదినా, డిసెంబరు సెలక్షన్స్ వరకే. స్టేట్ టీమ్‌లో పేరు వస్తే నేనేం అనను. రాకపోతే ఆట చాలించి ఇక్కడికి వచ్చేయాలి. మా ఇంట్లోనే ఉండి పరీక్షలకి చదువుకుంటుంది. మీరే దానికి నచ్చచెప్పాలి."

కన్నతండ్రి. ఆయన పిల్ల. సరేనన్నాను. చెల్లెలు రామతులసి పోయినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల నా కొంగు పట్టుకుని ఈ ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళవలసిందే కదా.

అక్టోబరు 29

వాళ్ళ సార్ నతానియేలు గారు గ్రౌండ్‌లో ఆ బంతి రోజుకి కొంచెమే వేయిస్తారట. ఎదిగే పిల్లల మోచేతికి మంచిది కాదని. "ఆయన లెక్కన వెళ్తే నాకు ఉగాదికి కూడా రాదు" అంటుంది శాంభవి.

ఇంటి పక్క ఖాళీ స్థలంలో వేసుకుంటానంది. స్థలం వాళ్ళు గుంటూరులో ఉంటారు, అడిగేవాళ్ళు లేరు. వరదకి నానిన పరుపు ఒకటి డాబా మీద పడి ఉంది, ఎంత ఎండబెట్టినా వాసన పోలేదు. దాన్ని కిందికి దించి ప్రహరీ గోడకి ఆనించాము. బంతి ఎక్కడ తగలాలో గుర్తు కావాలంది. ముగ్గు గిన్నె తెచ్చి పరుపు మీద చతురస్రం గీశాను. సుద్దతో గీస్తే నిలవలేదు, ముగ్గు పిండి కాస్త తడిపి గీస్తే నిలిచింది.

"కింద మూలన దిగాలి" అని వేలితో చూపించింది. అక్కడ చిన్న పద్మం వేశాను. పడీ పడీ నవ్వింది.

సార్ కొద్దిగానే వెయ్యమన్నారు కదా అని అడిగాను. "పరుపుకేసి వేస్తే లెక్కలోకి రాదు పెద్దమ్మా, అది ప్రాక్టీసు" అంది. ఆట సంగతి నాకేం తెలుసు?

నవంబరు 2

కార్తీకం వచ్చింది. తెల్లవారుజామునే తలస్నానం, తులసి దగ్గర దీపం. ఆ తరవాత ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్క స్థలంలో కూర్చుంటున్నాను. వేసేవాళ్ళకి తమ బంతి దిగిందో లేదో సరిగ్గా తెలియదట. పక్కనుంచి చూసేవాళ్ళకి తెలుస్తుందట.

"దిగిందా?"

"దిగలేదమ్మా."

"ఇప్పుడు?"

"పక్కకి పోయింది."

మళ్ళీ వేస్తుంది. మళ్ళీ అడుగుతుంది. మధ్యలో నేను శివనామం అనుకుంటూ ఉంటాను. పదిహేడేళ్ళ పిల్ల నన్ను ఇన్నిసార్లు ఒక మాట అడగడం ఈ మధ్య ఎప్పుడూ లేదు.

నవంబరు 5

నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వచ్చాను. పుట్టమన్ను చెవులకి రాయబోతే ఎప్పుడూ పారిపోయే పిల్ల ఇవాళ బుద్ధిగా నిలబడింది. "మోచేతికి కూడా కాస్త రాయి పెద్దమ్మా" అంది. ఎందుకే అంటే నవ్వింది. రాశాను.

నవంబరు 9

దిగింది.

పొద్దున ఆ పద్మం మీదే దిగింది. ముందు నమ్మలేక నోరు మెదపలేదు. "చెప్పు పెద్దమ్మా, దిగిందా లేదా?" అని అరిచింది. దిగిందే అన్నాను. మళ్ళీ వేసింది. మళ్ళీ దిగింది. గాలిలో ఎవరో తాడు కట్టి కిందికి లాగినట్టుంది. పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీతో సహా నన్ను కావలించుకుంది. చెమట వాసన, ఎర్రమట్టి వాసన. మడిచీర అని కూడా అనలేకపోయాను.

తిప్పడం మానేశాక వచ్చిందట. ఇన్నాళ్ళూ తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిప్పేది. నతానియేలు గారు నిన్న, "తాళం తియ్యకు తల్లీ, బావిలో చేద లాగు" అన్నారట. బావి ఎక్కడ చూసింది ఈ పిల్ల? నేను లేచి లాగి చూపించాను, చిన్నప్పుడు ఎలా లాగేవాళ్ళమో. నా చేతుల్నే చూస్తూ నిలబడి, తరవాత వేసింది.

"నువ్వు చూస్తుంటేనే వస్తోంది" అంది.

ఉత్తినే అంటుంది. అయినా రాసుకుంటున్నాను.

నవంబరు 13

జడ వెయ్యమని వచ్చింది. ఎన్నేళ్ళయిందో. ఎనిమిదో తరగతిలో "నేనే వేసుకుంటాను" అని దువ్వెన లాక్కున్నాక నా చేతికి జుట్టు ఇవ్వలేదు. కూర్చోబెట్టుకుని నూనె రాసి, చిక్కు తీసి, నిదానంగా వేశాను. రామతులసి జుట్టే, చెవి వెనక అదే వంకీ.

రబ్బరు బ్యాండు ఇమ్మంటే ఎడమ చేత్తో అందించింది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. పట్టుకుని చూశాను. మోచేతి లోపలివైపు వేడిగా ఉంది. వేలు తగిలితే పళ్ళు కొరుక్కుంది.

"ఎప్పట్నుంచే?"

"ఏం లేదు. బిగిసింది, అంతే."

"సార్‌కి చెప్పావా?"

"చెబితే కూర్చోబెడతారు. కూర్చోబెడితే ఉయ్యూరు. నీకు తెలీదా?"

పెదనాన్నతో చెబుదామన్నాను. లేచి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"ఒట్లెందుకే, చెప్పనులే."

"నువ్వు చెప్పనులే అంటే గంటలో పెదనాన్న విక్స్ డబ్బా పట్టుకొస్తారు. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు." నా చెయ్యి తనే లాక్కుని పెట్టుకుంది. "ఎవరికీ అంటే ఎవరికీ. సెలక్షన్స్ అయిపోయేదాకా."

నూనె రాసిన తల. నా చెయ్యి దాని మీద ఉంది. తీసేసుకోవచ్చు. తీసుకోలేదు.

తల్లి లేని పిల్ల తల అది.

నవంబరు 15

పౌర్ణమి. గుళ్ళో వత్తులు వెలిగించాను. దీపం ముందు నోరు తెరవబోయి ఆగిపోయాను. ఎవరికీ అన్నది. ఆ దేవుడికి కూడానా?

నవంబరు 18

కార్తీక సోమవారం, ఉపవాసం.

నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి రోజూ రాస్తున్నాను. వేడి నీళ్ళ గుడ్డ వేస్తున్నాను. బిగిసినదానికి అదే మందు. నా మోకాలికి అదే తగ్గింది.

శివాలయం పూజారి గారిని అడిగాను. ఎవరి తల మీదైనా చెయ్యి వేసి మాట ఇచ్చి, తరవాత తప్పవలసి వస్తే ఏమవుతుందండీ అన్నాను. "ఎవరి తలో వాళ్ళకి కీడు అంటారు తల్లీ" అన్నారు. నా మొహం చూసి, "అయితే వాళ్ళ మేలు కోరి తప్పితే దోషం ఉండదు. ఒక అభిషేకం చేయించి చెప్పేయండి" అన్నారు.

వెనకాల లైన్లో జనం ఉన్నారు. విషయం పూర్తిగా చెప్పలేకపోయాను. సగం విని చెప్పిన మాట ఎంతవరకు పట్టుకోవచ్చు? అభిషేకం మాత్రం చేయించాను, శాంభవి పేరు మీద.

నవంబరు 21

నొప్పి లేదంది.

నవంబరు 22

లేదంది.

నవంబరు 23

అడగలేదు.

నవంబరు 26

ఇప్పుడు వేసినవన్నీ దిగుతున్నాయి. మొదట్లో అయితే. కాసేపయ్యాక మోచెయ్యి జారుతుంది, అప్పుడు మళ్ళీ తాళం తిప్పినట్టు తిప్పుతుంది. ఆ బంతులు పక్కకి పోతాయి. చప్పుడు కూడా వేరు. దిగిన బంతి పరుపుకి 'దబ్' అని తగులుతుంది, పక్కకి పోయింది చరిచినట్టు తగులుతుంది. నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది.

పక్కకి పోయినవాటికి కూడా "దిగింది" అన్నాను ఇవాళ. అలా అంటే తొందరగా చాలిస్తుందని.

"అబద్ధం చెప్పకు పెద్దమ్మా" అంది. ఇంకా ఎక్కువ వేసింది.

పుస్తకంలో కుడి చేత్తో రాయడం లేదు. వీడియోలు చూసి చదువుతున్నానంటోంది. ఆయన గమనించి, "ఏమే, నోట్సులన్నీ తెల్లగా ఉన్నాయేం?" అన్నారు. నేను మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్ళాను.

ఆయనకి చెప్పవచ్చు. చెబితే ఆయన విఠల్ గారికి చెబుతారు, మనసులో దాచుకోలేరు. విఠల్ గారు ఆ పూటే వచ్చి తీసుకుపోతారు. అందుకని కాదు నేను చెప్పనిది. ఒట్టు ఉంది కాబట్టి.

డిసెంబరు 2

పోలి స్వర్గం. తెల్లవారకముందే పున్నమి ఘాట్‌కి వెళ్ళాము. అడగకుండానే శాంభవి కూడా వచ్చింది. అరటిదొప్పల్లో దీపాలు పెట్టి ఏట్లో వదిలాము. కృష్ణ నిండా దీపాలే. దొప్పని ముందుకి తొయ్యడానికి మూడుసార్లు నీళ్ళు కొట్టాలి కదా, ఎడమ చేత్తో కొట్టింది.

పక్కనున్న ముసలావిడ చూసి, "కుడి చేత్తో కొట్టమ్మా, ఎడమ చేత్తో కొడతారా ఎవరైనా?" అంది.

శాంభవి కుడి చెయ్యి నీళ్ళల్లో పెట్టింది. కదపలేకపోయింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి కాబోలు, అలాగే కాసేపు ఉంచింది. నేను దాని చెయ్యి కింద నా చెయ్యి పెట్టి ఇద్దరి చేతులతో కొట్టాను. దీపం కదిలింది.

"బానే ఉందే, దీపం కూడా దిగకుండా పోయింది" అని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. పొగ వల్ల అంది. అక్కడ పొగ బాగానే ఉంది.

డిసెంబరు 4

ఎవరికి చెప్పాలి? చెబితే ఏమవుతుంది? చెప్పకపోతే ఏమవుతుంది?

లలిత చదువుతూ రెండుసార్లు తప్పాను. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చింది.

డిసెంబరు 7

చెప్పాను.

రేపే సెలక్షన్స్, ఉయ్యూరులోనే. పొద్దున శాంభవి స్నానానికి వెళ్ళగానే డబ్బాలో పులిహోర పెట్టుకుని గ్రౌండ్‌కి వెళ్ళాను. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి మొక్కుకున్నాను: తల్లీ, ఒట్టు నాది, కీడు ఏదైనా ఉంటే నాకే రావాలి, పిల్లకి తగలకూడదు.

నతానియేలు గారు గీతలు వేయిస్తున్నారు. "రండమ్మా రండి. పులిహోరా? మా ఇంట్లో ప్రార్థన కాకుండా ముద్ద ముట్టుకోరు గానీ పులిహోర అయితే నేను ఆగలేను" అన్నారు. మంచి మనిషి. నిలబడే తిన్నారు. డబ్బా మూత చేతిలో తిప్పుతూ నిలబడ్డాను. చివరికి, "శాంభవికి చెయ్యి..." అన్నాను.

"నొప్పి. తెలుసమ్మా."

"తెలుసా అండీ?"

"మోచెయ్యి కిందికి జారుతోంది కదా, చూస్తున్నాను. అడిగితే లేదు సార్ అంటది. నాకు అంతుబట్టనిది ఏంటంటే, నేను గ్రౌండ్‌లో కర్వ్ వేయించేది కొంచెమే. ఆ కాస్తకి ఇంత నొప్పి రాకూడదు. ఇంటి దగ్గర బరువులేమైనా ఎత్తుతోందా?"

"లేదండి" అన్నాను.

నిజమే. బరువులు ఎత్తడం లేదు.

ఆయన చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు. "రేపు ఒక్కరోజు. అందరూ చూసేలా నాలుగు వేయిస్తాను, అంతే. అవగానే నెల రోజులు బంతి ముట్టుకోనివ్వను. కాదు వద్దంటారా, ఇప్పుడే పేరు కొట్టేస్తాను. పెద్దవారు, మీరే చెప్పండి."

ఎండ మొహం మీద పడుతోంది. ఎవరూ నన్ను అలా అడగలేదు ఇంతవరకు.

"పిల్ల ఇష్టమండి" అన్నాను.

ఒట్టు తప్పాను, చెప్పవలసింది చెప్పాను. ఇంకేం చెయ్యగలను? పక్క స్థలం సంగతి ఆయన అడగలేదు.

డిసెంబరు 8

నిన్న చెప్పాను. ఇవాళ అయింది.

డిసెంబరు 9, పొద్దున

నిన్న రాయలేకపోయాను.

ఉయ్యూరులో బస్సు దిగేసరికి చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, గాలంతా పాకం వాసన. విఠల్ గారు కాలేజీ గేటు దగ్గర అరటిపళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. కూతురు ఆడటం ఎప్పుడూ చూడలేదు. మాతోపాటు గట్టు మీద కూర్చున్నారు.

శాంభవి వంతు వచ్చింది. మొదటి బంతి మామూలుది. రెండోది దిగింది. బ్యాటు పట్టుకున్న పిల్ల గాలిలో ఊపి ఒక కాలి మీద తిరిగిపోయింది. మూడోది ఇంకా బాగా దిగింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వదినా, ఇది మన శాంభవేనా?" అన్నారు విఠల్ గారు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వాళ్ళమ్మ చూసి ఉంటే..."

నేను ఆయన వైపు తిరిగాను. అందుకని నాలుగో బంతి చూడలేదు. చెవి మాత్రం అటే ఉంది. చప్పుడే రాలేదు. తిరిగేసరికి బంతి మన పిల్ల కాళ్ళ దగ్గరే పడి ఉంది. శాంభవి అరవలేదు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తన చేతిని తనే ఎత్తుకుని నిలబడింది. నతానియేలు గారు పరుగెత్తారు. ఈయన పరుగెత్తారు. విఠల్ గారి అరటిపళ్ళు గట్టు మీది నుంచి జారి పడ్డాయి. నేను కూర్చునే ఉన్నాను.

జాబితాలో పేరు లేదు.

కీడు నాకు రావాలని అడిగాను కదా తల్లీ. అంత స్పష్టంగా అడిగాను. పూజారి గారు చెప్పినట్టు మేలు కోరే కదా తప్పాను.

ఒక్కరోజు ఆగి ఉంటే, నోరు మూసుకుని ఉంటే, ఇవాళ దాని పేరు ఉండేది.

డిసెంబరు 9, సాయంత్రం

ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాము. ఆడ డాక్టరు, చిన్న వయసే. ఈయన్ని, నతానియేలు గారిని బయట కూర్చోమన్నారు. లోపల విఠల్ గారు, నేను, శాంభవి. ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, "నొప్పి ఎప్పట్నుంచి?" అన్నారు.

"నిన్ననే" అంది శాంభవి.

"అంతకుముందు లేదా?"

"లేదు."

"చూడమ్మా, నిన్నటి దెబ్బ అయితే ఒక వైద్యం. కట్టు కట్టి పంపేస్తాను. పాతది అయితే లోపల ఎంత తెగిందో చూడాలి, అది వేరే దారి. సరిగ్గా చెప్పు."

"నిన్ననే మేడమ్."

నాకేసి చూసింది. బతిమాలుతున్నట్టు లేదు. నువ్వు చెప్పవు కదా అన్నట్టుంది, అంత నమ్మకం. ఒకసారి తప్పితే చెయ్యి పోయింది. రెండోసారి తప్పితే? జడ వేసింది నేనే పొద్దున. పాపిడి తిన్నగా తీశాను. ఆ పాపిడి చూస్తూ నిలబడ్డాను.

"కార్తీకం మొదట్నుంచి అండి" అన్నాను.

"ఏంటమ్మా? కాస్త గట్టిగా చెప్పండి, వినబడలేదు."

"కార్తీకం మొదట్నుంచి. నెల దాటింది."

"పెద్దమ్మా!"

"గ్రౌండ్‌లో ఎక్కువ వేయిస్తున్నారా?" అన్నారు డాక్టరు గారు.

"గ్రౌండ్‌లో కాదండి. ఆయన కొద్దిగానే వేయించేవారు. ఇంటి దగ్గర వేసేది. రోజూ. నేనే కుర్చీ వేసుకుని చూసేదాన్ని. బాగా వచ్చిందో లేదో చెప్పేదాన్ని. నొప్పి అని తెలిసి కూడా."

ఇంత పొడుగు మాట నేను ఎవరి ముందూ మాట్లాడి ఎరగను. శాంభవి మొహం గోడ వైపు తిప్పుకుంది. డాక్టరు గారు ఎక్స్‌రే మళ్ళీ దీపానికి పెట్టారు. పాతదన్నమాట అని, లోపలి నరం తెగిందేమో స్కాన్ తీయాలని, ఆపరేషన్ దాకా పోవచ్చని విఠల్ గారికి చెప్పారు. మళ్ళీ బంతి వేస్తుందా అని ఆయన అడిగితే, "ముందు పెన్ను పట్టుకోనివ్వండి సార్" అన్నారు.

బయటికి వచ్చాక విఠల్ గారు నా ముందు నిలబడ్డారు. నతానియేలు గారు కూడా ఉన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇంటి దగ్గర వేస్తుంటే చూస్తూ కూర్చున్నారా వదినా?"

"కూర్చున్నాను."

నతానియేలు గారు తల వంచుకుని చెప్పుతో నేల రాశారు. "నేను అడిగాను కదమ్మా" అన్నారు.

డిసెంబరు 10

స్కాన్ అయింది. తెగింది. ఆపరేషన్ ఎప్పుడో చెబుతామన్నారు.

ఆదివారం వచ్చి ఉయ్యూరు తీసుకువెళతానన్నారు విఠల్ గారు.

శాంభవి మాట్లాడటం లేదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే కంచం తన వైపుకి లాక్కుని ఎడమ చేత్తో తిన్నది. సగం ఒలికింది. తుడుస్తానంటే తనే తుడుచుకుంది.

ఈయన, "నాకైనా చెప్పవలసింది ఇందిరా" అన్నారు. తరవాత వెళ్ళి పక్క స్థలంలోని పరుపుని ఈడ్చుకుంటూ తీసుకువెళ్ళి మునిసిపాలిటీ బండిలో వేయించారు.

డిసెంబరు 11

కిళ్ళీకొట్టు దగ్గర ఎదురుగా లారీ వస్తుంటే శాంభవి రోడ్డు దాటింది. నేను డాబా మీద నుంచి చూసి బిగ్గరగా అరిచాను. వీధి అంతా తలెత్తి చూసింది. అది మాత్రం చూడలేదు.

మెట్లు దిగుతుంటే వెనకే వెళుతున్నాను. స్నానానికి వెళితే బయట నిలబడుతున్నాను. నీళ్ళ చప్పుడు ఆగితే పిలుస్తున్నాను. పలకదు, చెంబుతో బకెట్ మీద ఒకసారి కొడుతుంది.

రెండుసార్లు తప్పాను. ఒకదానికి చెయ్యి. రెండోదానికి ఇంకా ఏమీ కాలేదు. అదే నాకు భయంగా ఉంది.

ఇదంతా నా పిచ్చి అని నాకు తెలుసు. డాక్టరు గారు కారణం విడమరిచి చెప్పారు, విన్నాను. రోజూ వెయ్యడం వల్ల తెగింది. తలకీ దానికీ సంబంధం లేదు. దేవుడి గదిలో కూర్చుని అదే చెప్పుకున్నాను. చెప్పుకుంటూ మృత్యుంజయం కూడా చదివాను.

డిసెంబరు 12

మధ్యాహ్నం భోజనాలయ్యాక శాంభవి ముందు గదిలో చాప మీద పడుకుంది. మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉంటుంది. కుడి చెయ్యి పట్టీలో, ఛాతీ మీద. ఫ్యాను తిరుగుతోంది. ఈయన బయటికి వెళ్ళారు.

కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ఛాతీ కదులుతోందో లేదో తెలియలేదు, చెయ్యి అడ్డం ఉంది. పేరు పెట్టి పిలుద్దామంటే నిద్ర పాడవుతుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఫ్యాను గాలో, ఊపిరో అర్థం కాలేదు. ఇంకాస్త దగ్గరగా పెట్టాను.

కళ్ళు తెరవకుండానే అంది.

"బతికే ఉన్నాను పెద్దమ్మా."

మూడు రోజులకి నాతో మాట్లాడింది. వేలు వెంటనే తియ్యలేకపోయాను. తియ్యమని కూడా అనలేదు.